మిట్ట ఖాళీ కాదన్నా

అన్న సామేలుకు, వదిన మార్తమ్మకు తమ్ముడు దావీదు వందనాలు చెప్పి రాస్తున్నది. దేవుని దయవల్ల ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? భద్రాచలం దవాఖానాలో రాసిచ్చిన మందు ఆపకుండా వేస్తున్నారా, లేక ఆకు పసరు మీదే నెట్టుకొస్తోందా? ఎర్రావు ఈనిందా? రూతు బడికి పోతోందా? ఈ ఉత్తరం చదివేది ఎలాగూ రూతే కాబట్టి, బిడ్డా, చిన్నాన్న బాగున్నాడన్న ముక్క నానమ్మకు రెండుసార్లు చదువు. నేను బాగున్నాను. తిండికి లోటు లేదు, జ్వరాలు లేవు.

ఫోనుండగా ఉత్తరమేంటని నవ్వకన్నా. పోయిన నెల నువ్వు నా ముఖాన ఫోన్ పెట్టేశావు. "మిలట్రీ గుడ్డలు ఉతికి తినేటోనివి, నాకు నీతులు చెప్తున్నవా?" అన్నావు. ఆ తర్వాత మూడుసార్లు చేశాను. నువ్వు మిట్ట ఎక్కితే తప్ప సిగ్నల్ అందదని నాకు తెలుసు. ఎక్కలేదో, ఎక్కి కూడా ఎత్తలేదో నీకే తెలియాలి. ఇక్కడ మెస్సులో వంట చేసే సత్తుపల్లి నర్సింహారావు సెలవు మీద వస్తున్నాడు. భద్రాద్రి రామునికి మొక్కుందట. వచ్చినప్పుడు సారపాకలో మన పాస్టరు గారింట్లో ఈ కవరు ఇచ్చిపోతాడు. ఫోన్లో మాట గాలికి పోతుంది. కాగితం మీదిదైతే గ్రామసభలో నలుగురి ముందు చదవొచ్చు.

అవును, దాని గురించే రాస్తున్నాను. జవాన్ల క్యాంపుకు మిట్ట ఇస్తామనే తీర్మానం మీద నువ్వు సంతకం పెట్టకముందే ఇది నీ చేతికి అందాలని నా ఆరాటం. మన గుంపు పల్లెలో నలభై ఇళ్ళు నీ చెయ్యి ఎటు కదిలితే అటు కదులుతాయి. నువ్వు పెడితే అందరూ పెడతారు.

ముందు ఇక్కడి సంగతి చెప్తాను. లేకపోతే అమ్మ, వాడెట్లున్నడో రాయకుండ గొడవ మొదలుపెట్టిండు అంటుంది. ఈ దేశం పేరు కాగితం మీద రాయకూడదని మాకు కట్టడి. పరాయి దేశపు సైన్యం వచ్చి దిగిన చోటు, అంతవరకు చాలు. మేం ఉండేది రేకు డబ్బాలాంటి గదిలో, ఎనిమిది మందిమి. ఎండ సంగతి అడగొద్దు. మన దగ్గర మే నెలలో తునికాకు కోయడానికి పోయినప్పుడు కాళ్ళు కాలేవి కదా, అది ఇక్కడ చల్లటి పూట కింద లెక్క. గాలి లేస్తే అన్నంలో ఇసుక. అన్నం మటుకు బోలెడు పెడతారు, పారబోసేంత. చింతపండు చారు మాత్రం దొరకదు. నర్సింహారావు తిరిగి వచ్చేటప్పుడు ఇంత చింతపండు, ఇన్ని మామిడి ఒరుగులు కట్టి ఇవ్వమని వదినకు చెప్పు. ఆదివారం నేనూ ఇంకో ఇద్దరూ గదిలోనే ప్రార్థన చేసుకుంటాం. పాట అందుకున్నప్పుడు అమ్మ గొంతు గుర్తొచ్చి నాకు పాట ఆగిపోతుంది. ఏడవడం లేదని చెప్పు.

పని బట్టలు ఉతకడమే. ఒక్కో సైనికుడిదీ ఒక్కో సంచి, సంచికి నంబరు. ముందు జేబులు వెతకాలి. బిళ్ళలుంటాయి, పెళ్ళాం ఫోటోలుంటాయి, ఒకసారి పిల్ల రాసిన చీటీ దొరికింది. తర్వాత మరకలు చూడాలి. అది దేని మరక అని అడగకూడదు, దానికి ఏ మందు వేస్తే పోతుందో తెలిస్తే చాలు. మొదటి నెల ఆ మరకలు చూడలేక ముఖం తిప్పుకునేవాణ్ణి. ఇప్పుడు తిప్పుకోవడం లేదు. అదే నాకు బాధగా ఉంది.

ఇస్త్రీ బల్లల దగ్గర నాకు ఇద్దరు తోడు. ఒకడు నేపాలీ, బాల్‌బహదూర్. ఇంకొకడు కెన్యా మనిషి మోజెస్, మనలాగే చర్చికి పోయేవాడు. నీతో ఫోన్లో గొడవైన మర్నాడు నేను ముఖం వేలాడేసుకుని ఉంటే ఏమైందని అడిగారు. చెప్పాను. అంతే, తుపాకి వచ్చి దిగితే ఊరికి మేలా, కీడా అని రోజంతా అదే వాదన. ఇస్త్రీ పెట్టె ఆగలేదు, నోళ్ళూ ఆగలేదు.

బాల్‌బహదూర్ వాళ్ళ తాత ఇంగ్లీషోళ్ళ పటాలంలో బర్మా దాకా పోయి రెండు వేళ్ళు పోగొట్టుకుని వచ్చాడట. "ఆ పింఛనుతోనే మా ఇంటి మీద రేకులు పడ్డాయి. మా నాన్న చదివాడు. ఊళ్ళో ఎవరో రాజు ఉండనే ఉన్నాడు, ఏమిచ్చాడు? తెల్లవాడు కనీసం వేళ్ళకు ధర కట్టాడు" అన్నాడు.

మోజెస్ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాడు. వాళ్ళ తాతను ఇంగ్లీషోళ్ళు ముళ్ళ కంచె వేసిన ఊళ్ళో పెట్టి, కంచె దాటితే కాల్చేవాళ్ళట. "మా ఊరి బడి మాత్రం వాళ్ళు కట్టిందే. ఆ బడిలో నేర్చుకున్న ఇంగ్లీషుతోనే నేనిప్పుడు వాళ్ళను తిడుతున్నా. దీన్ని మేలంటావా, కీడంటావా, నువ్వే చెప్పు" అని నా వైపు తిరిగాడు.

నేనేం చెప్తాను? నాన్న పుట్టినప్పుడు మన నానమ్మను బతికించింది మిషను దవాఖానానే కదా. అక్కడి డాక్టరు దొరసాని లేకపోతే నాన్న లేడు, నువ్వు లేవు, నేను లేను, మనకీ పేర్లు లేవు. కింద కోస్తాలో ఆనకట్ట కట్టిన దొర పటానికి ఈ రోజుకీ దండలు వేస్తారు, వాళ్ళ పొలాలు పచ్చబడ్డాయి మరి. మన కొండల మీది టేకు తెప్పలు కట్టి ఆ గోదారిలోనే దించుకుపోయారని నానమ్మ చెప్పేది. మనకు మిగిలింది మొద్దులు. ఒకే నది, ఒకే దొర. కింద ఉన్నవాడికి దేవుడు, పైన ఉన్నవాడికి దొంగ. ఇదే చెప్పాను వాళ్ళకు. నర్సింహారావు అప్పుడే టీ తెచ్చాడు, ఊరుకుంటాడా?

"ఏంది దావీదూ, గిప్పుడు దొరల ముచ్చటెందుకు? మన సర్కారు, మన జవాన్లు. వాళ్ళూ వీళ్ళూ ఒకటేనా?"

"ఒకటని నేననలే. మనోళ్ళని నాకూ ఎర్కే. మరి మనోళ్ళయితే మమ్మల్ని అడిగి రావాల్నా, వద్దా?"

"అడిగిన్రు గద! మీ అన్ననే ఇస్తనన్నడంటివి."

నిజమే కదా, అడిగారు. నువ్వే ఫోన్లో చెప్పావు. "ఆఫీసు నుంచి సారు వచ్చిండు, మిట్ట ఎక్కి చూసిండు. ఇదెవరిది అన్నడు. ఎవరిది కాదు సార్, ఖాళీగనే ఉంటది అన్న. ఉన్నమాటే గద?" అన్నావు. ఆ మాట వినగానే నేను అరిచింది నీ మీద కాదన్నా. నాకు ముత్తాత గుర్తొచ్చాడు.

రూతుకు తెలియదేమో, అందుకే వివరంగా రాస్తున్నాను. ట్రంకు పెట్టెలో బైబిలు గుడ్డలో చుట్టి ఉంటుంది చూడు ఇత్తడి బిళ్ళ, క్రిస్మస్ ముందు మీ నానమ్మ చింతపండు పెట్టి తోముతుంది, అది ముత్తాతది. ఇంగ్లీషు దొర గుర్రమెక్కి అడవి కొలవడానికి వచ్చాడు. ముత్తాత దారి చూపాడు, ఊట నీళ్ళు చూపాడు, పక్క వేసి పెట్టాడు. కొండలో నీ భూమి ఏదిరా అని అడిగాడు దొర. మన పోడు పద్ధతి ఏంటంటే, రెండు మూడేళ్ళు చేసి ఆ చోటు వదిలేసి ఇంకో చోటుకు పోతాం. వదిలిన చేను మళ్ళీ చెట్టు పట్టేదాకా కొండది. నిద్రపోయే చేనును నాదంటే కొండకు కోపం వస్తుంది, గింజ మొలవదు. అందుకని ముత్తాత ఆ ఏడు జొన్న వేసిన ఒక్క చెక్క చూపించి, ఇంతే దొరా అన్నాడు. వంతుల మీద చేసే మిగతా ఆరు చోట్లూ ఖాళీ అని రాసుకున్నారు. చుట్టూ రాళ్ళు పాతారు. నిజాయితీపరుడని మెచ్చి ముత్తాత రొమ్ము మీద బిళ్ళ పెట్టారు. నాలుగేళ్ళు పోయాక నిద్రలేచిన చేనుకు గొడ్డలి పట్టుకుని పోతే, ఇది సర్కారు అడవి అని అడవి జవాను గొడ్డలి లాక్కున్నాడు. ఆ రోజు కూడా రొమ్ము మీద బిళ్ళ ఉందట. ఈ కథ అమ్మ ఎంత గర్వంగా చెప్తుంది! నేనూ గర్వంగానే విన్నాను. ఇక్కడికి వచ్చాక, నా మెడలో కూడా నంబరు బిళ్ళ పడ్డాక, నాకు ఒళ్ళు మండుతోంది.

ఇప్పుడు నువ్వు చేసిందేంటన్నా? మిట్ట మీద మనం గింజ వేయం, గుడిసె వేయం. ఎందుకు వేయం? గోదారి పోటెత్తి వాగు వెనక్కి తన్నితే నలభై ఇళ్ళ మనుషులూ, గొడ్లూ, కోళ్ళూ ఎక్కేది అక్కడికే కనుక. మూడో హెచ్చరిక అని రేడియోలో చెప్పేలోపే మన ఇళ్ళల్లో మోకాలు లోతు ఉంటుంది. ఆ చోటు ఎవరైనా నాదంటే రెండో ఇంటికి చోటుండదని పెద్దలు ఎవరినీ అననివ్వలేదు. ముత్తాత చెప్పినట్టే నువ్వూ ఉన్నమాటే చెప్పావు. మన ఇంట్లో నిజం చెప్పిన ప్రతివాడూ ఏదో ఒక కొండ పోగొడతాడు, ఏం తెలివిరా దేవుడా మనది!

తిడుతున్నానని కాగితం చింపకు. ఇంకొక్క సంగతి ఉంది, విను.

మా ఉతుకుడు షెడ్డు వెనక పదకొండు ఖర్జూరం చెట్లున్నాయి, వరుసగా, ఎవరో చేత్తో పెట్టినవి. సైన్యం దిగకముందు అది తోట. పోయిన నెల కాయ పండింది. ఒక ముసలాయన కాగితం పట్టుకుని వచ్చాడు, పక్కన ఇద్దరు తుపాకులవాళ్ళు. ఆయన తోటేనట. ఏడాదికి ఒక్క రోజు పాసు ఇస్తారు, పొద్దున వచ్చి మధ్యాహ్నంలోపు కోసుకుపోవాలి. నన్ను గెలలు పట్టుకొమ్మని మా మలయాళీ సూపర్‌వైజరు పంపాడు. డెబ్బై ఏళ్ళ మనిషి నడుముకు తాడు చుట్టుకుని చరచరా ఎక్కాడు. సైనికులు చప్పట్లు కొట్టారు. ఒకడు చల్లటి నీళ్ళ సీసా తెచ్చి రెండు చేతులతో ఇచ్చాడు, పక్కన నిలబడి ఫోటో దిగాడు. మంచి పిల్లాడన్నా వాడు, వాడి బట్టలు నేనే ఉతుకుతాను. వాడి మంచితనమే నన్ను ఎక్కువ కాల్చింది. కొట్టి ఉంటే నాకు ఇంత కోపం వచ్చేది కాదు.

ముసలాయన దిగి నా చేతిలో గుప్పెడు పళ్ళు పోసి ఏదో అడిగాడు. సూపర్‌వైజరు చెప్పాడు, నీ ఊళ్ళో నీకు చెట్లున్నాయా అంటున్నాడని. ఉన్నాయన్నాను, ఇప్పచెట్లు. ఉంటే అక్కడుండక ఇక్కడికెందుకు వచ్చావు అన్నాడాయన. నేను గెలలు భుజానికెత్తుకున్నాను. మధ్యాహ్నం గేటు దాటించి ఆయన పాసు వెనక్కి తీసుకున్నారు. ఆ పళ్ళు నేను తినలేకపోయాను, బాల్‌బహదూర్‌కు ఇచ్చేశాను.

నువ్వేమంటావో నాకు తెలుసు. "రోడ్డు సంగతేంది? గది చెప్పు" అంటావు. ఫోన్లో కూడా అదే అన్నావు. "నా బిడ్డ మంచం మీదనే పోయింది. క్యాంపు వస్తే రోడ్డు వస్తది, అంబులెన్సు ఇంటి ముంగట ఆగుతది. ఎవని తుపాకైతే నాకేంది?"

అన్నా, నొప్పులొచ్చిన వదినను దవాఖానాకు ఆ మంచం మీద మోసిన నలుగురిలో వెనక ఎడమవైపు నేనున్నాను. వాన, చీకటి అడవి, వదిన అరుపులు. వాగు దిగేటప్పుడు కాలు జారింది నాదే. మంచం గట్టు మీద దించాం, బిడ్డ అక్కడే పుట్టింది, ఏడవలేదు. ఇన్నేళ్ళలో నువ్వుగానీ వదినగానీ ఒక్కసారి కూడా నీ కాలు జారిందిరా అనలేదు. అని ఉంటే నేను ఇంత దూరం వచ్చేవాణ్ణి కాదేమో. రోడ్డు వద్దనే హక్కు ఈ భూమ్మీద ఎవరికైనా ఉందేమో గానీ నాకు లేదు. రోడ్డు ఎవరి కోసం వేసినా దాని మీద అంబులెన్సు నడుస్తుంది, ఒప్పుకుంటున్నాను.

అయినా ఒక్కటి అడుగుతాను. మనం ఎన్నేళ్ళ నుంచి ఓటేస్తున్నాం? ఓటుకు రాని రోడ్డు తుపాకి వెంట ఎందుకొస్తోంది? అడవిలో తుపాకులు పట్టిన లోపలోళ్ళకు అన్నం పెట్టారని పోలీసులు నాన్నను కొట్టారు. పోలీసులకు నీళ్ళిచ్చారని లోపలోళ్ళు పెదనాన్నను తీసుకుపోయి కట్టేశారు. ఇద్దరూ మన మేలు కోసమే అన్నారు. తుపాకి ఉన్నవాడికి మన మేలు మనకంటే బాగా తెలుస్తుంది కాబోలు! ఇప్పుడు లోపలోళ్ళు లేరు, అడవి సల్లబడింది అంటున్నారు. మరి సల్లబడ్డాక క్యాంపు దేనికన్నా? రోడ్డు నిజంగా మన కోసమైతే ముందు రోడ్డు వేయమను. వాగు అవతల మెరక భూములు లేవా, క్యాంపు అక్కడ పెట్టుకోమను. మన దగ్గర దొరికే ఒక్క ఎత్తే కావాలా? ముత్తాత కాలం నుంచీ చూస్తున్నాం, తుపాకి ఎప్పుడూ ఎత్తు మీదే కూర్చుంటుంది. మనం ఎప్పుడూ కిందే.

నీతో గెలవాలని కాదు. నువ్వు పెద్దోడివి, నాన్న పోయాక నన్ను చదివించింది నువ్వు. నేను సైన్యం సబ్బు రుద్ది బతుకుతూ నీకు చెప్పడం సిగ్గుగానే ఉంది. ఆ సిగ్గుతోనే చెప్తున్నాను.

ఒక్క పని చేయి. గ్రామసభ బడి దగ్గర పెట్టనివ్వకు, మిట్ట మీద పెట్టమను. వరదకు ఎక్కినప్పుడు ఎవరి పొయ్యి రాళ్ళు వాళ్ళు అక్కడే వదిలి దిగుతాం కదా, ఒకరి రాళ్ళు ఒకరు కదపరు. నలభై ఇళ్ళకూ నలభై పొయ్యిలు గడ్డిలో ఉన్నాయి. గడ్డి పీకించు. ఆ రోజు ఏ ఇంటి ఆడమనిషిని ఆ ఇంటి రాళ్ళ దగ్గర కూర్చుని బియ్యం పెట్టమను. సారు వచ్చి ఇదెవరిది అంటే ఎవరూ మాట్లాడొద్దు, ఎసరు మరగనివ్వండి. ముత్తాత ఈ పని చేయలేకపోయాడు, ఆయన చేలు నిద్రలో ఉన్నాయి. మన పొయ్యిలకు ఆ శాపం లేదు. బిళ్ళ మాత్రం ఆ రోజు పెట్టుకోకు, సార్లు గౌరవిస్తారని అమ్మ ఎంత బతిమాలినా సరే.

ఇంత చెప్పినా వదిన ముఖం చూసి నువ్వు సంతకమే పెడితే, నేను నీతో మాట్లాడడం మానను, అలగను. అయితే సంతకానికి పైన ఒక వాక్యం రాయించు. నీళ్ళొచ్చిన రోజు క్యాంపు గేటు తెరవాలని. ఇక్కడ ఆ ముసలాయనకు ఏడాదికి ఒక్క రోజైనా ముందే చెప్పి పాసు ఇస్తారు. గోదారి ముందే చెప్పి రాదు, పాసు రాయించుకునేదాకా వాగులో ఆగదు.

పాస్టరు గారికి, బడి పంతులు గారికి, గుంపులో పెద్దలందరికీ నా వందనాలు. అమ్మను ప్రార్థనలో నా పేరు ఎత్తమను, నువ్వూ వదినా తల మీద చెయ్యి పెట్టినట్టు అనుకుంటే నాకదే దీవెన. రూతుకు ముద్దులు. చింతపండు మరిచిపోవద్దు.

కోపమున్నా ప్రేమ తగ్గని నీ తమ్ముడు,
దావీదు

ఇంకో మాట. మన ఇంటి పొయ్యి మిట్ట మీద తూర్పు పక్కన, ఇప్పచెట్టు మొదట్లో. పోయిన వరదకు ఒక రాయి పగిలింది, నేను వచ్చాక వాగులోంచి కొత్తది తెస్తానని వదినకు చెప్పి ఉన్నాను. నేను రావడం ఆలస్యమయ్యేలా ఉంది. నువ్వు తెచ్చి పెట్టన్నా.